ఆటిజం అని బడిలో చెప్పాలా, దాచాలా?

రాజోలు దగ్గరి నుంచి ఒక అమ్మ అడిగారు. బాబుకి ఏడేళ్లు, రెండో తరగతి. ఆటిజం (మెదడు ఎదుగుదలలో తేడా వల్ల మాట్లాడటం, నలుగురితో కలవడం, చప్పుళ్లని తట్టుకోవడం మిగతావాళ్లలా ఉండకపోవడం) అని డాక్టరు చెప్పి రెండు నెలలైంది. బడిలో ఇంకా చెప్పలేదు. తోటి పిల్లలు వాడిని "మెంటల్" అంటున్నారు, టీచరు "మొండి" అంటున్నారు. మామగారేమో "బడిలో చెబితే ఆ ముద్ర వాడికి జన్మలో పోదు, రేపు చెల్లెలి పెళ్లికి కూడా అడ్డమొస్తుంది" అంటున్నారట. వాడికి సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్నీ బళ్లనీ గోదావరి దాటించే పెద్ద పడవ) అంటే ప్రాణమనీ, రోజూ దాని బొమ్మే వేస్తాడనీ కూడా రాశారు. చెప్పాలా, దాచాలా అన్నది ఆవిడ ప్రశ్న.

చెప్పండమ్మా. ఎలా చెప్పాలన్న దాంట్లో జాగ్రత్త కావాలి, అది కింద వివరంగా రాస్తాను. కానీ దాచొద్దు.

గోదావరికి ఇటూ అటూ ఉన్న మండలాల్లో 18 ఏళ్లుగా ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్తున్నాను. దాచిన ఇళ్లు చూశాను, చెప్పిన ఇళ్లూ చూశాను. దాచిన చోట కూడా పిల్లాడికి పేరు పడకుండా ఆగలేదు. మన ఊళ్ల సంగతి మీకు తెలియంది కాదు. మనిషికి ఇంటిపేరు ఒకటుంటే ఊరు పెట్టిన పేరు ఇంకోటి ఉంటుంది. మీరు ఆటిజం అన్న మాటని దాచగలరు గానీ, ప్రేయర్ గంట మోగగానే చెవులు మూసుకుని కూర్చుండిపోయే పిల్లాడిని దాచలేరు కదా. చూసినవాళ్లు చూస్తారు, తమకి తోచిన పేరు పెడతారు. మీ బాబుకి ఇప్పటికే రెండు పడ్డాయి. ఆ రెండూ తప్పుడు పేర్లే. అందుకే సరైన పేరు మీ నోటితో చెప్పడం మంచిదంటున్నాను.

ఆటిజం అని ఎవరూ గుర్తించక ముందు పిల్లలకి పడిన పేర్లు చాలా విన్నాను. లంక గ్రామంలో ఒక బాబుని మూడేళ్లు "చెవిటోడు" అన్నారు, పిలిస్తే తిరిగి చూడడని. పక్క గదిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే మాత్రం పరుగెత్తుకొచ్చేవాడు. చెవి లోపం ఉన్న పిల్లాడు అలా రాడు కదా అని ఎవరికీ అనిపించలేదు. వేరే ఊళ్లో ఇంకో బాబుని "పొగరు" అన్నారు, నమస్కారం పెట్టడనీ, మొహంలోకి చూడడనీ. ఒక పాప సంగతి ఇంకా బాధ. ఆ అమ్మాయిని అందరూ "బుద్ధిమంతురాలు" అనేవారు. బెంచీ మీద కదలకుండా కూర్చుంటుంది, అల్లరి చేయదు, పక్కపిల్ల ఏం చేస్తే అదే చేస్తుంది. ఇంటికొచ్చాక రోజూ గంటసేపు ఏడ్చేది. ఐదో తరగతి దాకా ఎవరికీ అనుమానం రాలేదు. ఆటిజం అని తేలినవాళ్లలో ఒక ఆడపిల్లకి దాదాపు నలుగురు మగపిల్లలు ఉంటారు. అసలే ఆడపిల్లల్లో తక్కువ కావడం ఒక కారణమైతే, నిశ్శబ్దంగా ఉండే ఆడపిల్లని మనం మెచ్చుకుని వదిలేయడం ఇంకో కారణం. మంచి పేరు కూడా ఒక్కోసారి పిల్లని కనబడకుండా చేసేస్తుంది.

ఇప్పుడు మీ మామగారి భయం దగ్గరికి వస్తాను. ఆయన అన్నదాంట్లో నిజం లేదని నేను అనను. డాక్టరు రాసిచ్చిన మాట కూడా ముద్రగా మారుతుంది, నా కళ్లతో చూశాను. ఒక బడిలో (ఊరు పేరు అక్కర్లేదు) మూడో తరగతి బాబు. ఆటిజం అని కాగితం వచ్చేదాకా టీచరు వాడిని తిట్టేవారు, కొట్టేవారు, కానీ లెక్కలు చేయించేవారు. కాగితం వచ్చాక తిట్టడం మానేశారు, దాంతోపాటు అడగడం కూడా మానేశారు. పలకా బలపం ఇచ్చి వెనక బెంచీలో కూర్చోబెట్టారు. నేను వెళ్లి అడిగితే "పాపం, ఆటిజం కదండీ, వాడికేం వస్తుంది?" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, నిజంగా జాలిపడే అలా అన్నారు. ఆ బాబు బస్టాండులో బోర్డులన్నీ గడగడా చదివేవాడని వాళ్ల నాన్న చెప్తే క్లాసులో ఎవరూ నమ్మలేదు, ఎందుకంటే ఎవరూ వాడి చేతికి పుస్తకం ఇవ్వలేదు.

రోసెంథాల్, జాకబ్‌సన్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో ఒక ప్రాథమిక పాఠశాలలో చేసిన ప్రయోగం 1968లో బయటికొచ్చింది. పిల్లల్లో కొందరి పేర్లు చీటీలు తీసినట్టు ఊరికే ఎంచి, "వీళ్లు ఈ ఏడాది బాగా పైకొస్తారు, పరీక్షలో తేలింది" అని టీచర్లకి చెప్పారు. ఏడాది చివర ఒకటీ రెండూ తరగతుల్లో ఆ పిల్లలు మిగతావాళ్ల కంటే ఎక్కువ ముందుకెళ్లారు. ఆ తేడా నిజంగా ఎంత అన్న దాని మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి. కానీ పాఠం చెప్పేవాళ్లు ఏం ఆశిస్తున్నారో చిన్న పిల్లలకి తెలిసిపోతుందన్నది నా అనుభవంలో రోజూ కనబడేదే. ఎదురుచూస్తూ అడిగిన ప్రశ్నకీ, ఎలాగూ రాదులే అనుకుంటూ అడిగిన ప్రశ్నకీ మధ్య టీచరు ఆగే సమయంలోనే తేడా ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి జవాబు నోటి దాకా రావడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది. పది సెకన్లు ఆగితే చెప్పే పిల్లాడిని మనం రెండో సెకనుకే వదిలేసి పక్కవాడిని అడుగుతాం.

కాబట్టి "మా వాడికి ఆటిజం అండి" అని ఒక్క ముక్క చెప్పి వచ్చేస్తే మామగారు భయపడ్డదే జరుగుతుంది. ఆ మాట వినగానే ఒక్కొక్కరి బుర్రలో ఒక్కో బొమ్మ లేస్తుంది. ఒకరికి ఎవర్నో కొరికిన పిల్లాడు గుర్తొస్తాడు. ఇంకొకరికి సినిమాల్లో చూసిన మేధావి, పెద్ద పెద్ద గుణకారాలు నోటితో చేసేవాడు. అలాంటి ప్రత్యేకమైన శక్తి కొందరిలో ఉంటుంది, ఎక్కువ మందిలో ఉండదు. "మీవాడిలో ఏదో టాలెంట్ దాగుంటుంది, వెతకండి" అని చెప్పేవాళ్లు ఆశీర్వదిస్తున్నామనే అనుకుంటారు. ఏ విద్యా బయటపడని పిల్లాడి తల్లికి అదొక కొత్త బరువు. వాడు మామూలు చదువు చదివే పిల్లాడైనా సరే, ఆ క్లాసులో వాడికి చోటు ఉండాలి.

"వాళ్లకి ప్రేమ, జాలి ఉండవు" అనే మాట ఇంకోటి. ఇది అన్నిటికంటే అన్యాయం. తానూ ఆటిజం ఉన్న మనిషే అయిన డామియన్ మిల్టన్ అనే బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త 2012లో ఒక మాట అన్నారు: అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది, వాళ్లకి మనం అర్థం కానట్టే మనకీ వాళ్లు అర్థం కావడం లేదు, తప్పు మాత్రం వాళ్ల మీదే వేస్తున్నాం అని. మా దగ్గర ఒక బాబు, తోటి పిల్లాడు పడి మోకాలు చీరుకుని ఏడుస్తుంటే పరుగెత్తి గది మూలకి పోయి చెవులు మూసుకున్నాడు. జాలి లేదన్నారు అందరూ. మర్నాడు పొద్దున్నే ఆ పిల్లాడి ముందు నిలబడి, మొహం చూడకుండా, మోకాలికున్న కట్టునే చూస్తూ "తగ్గిందా, తగ్గిందా" అని నాలుగుసార్లు అడిగాడు.

తల్లి మీద వేసే నింద గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ ఉత్తరంలో అది లేకపోయినా ఎప్పుడో ఒకప్పుడు మీరు వినే ఉంటారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల్ని గమనించి ఆటిజం గురించి రాశారు. ఆ పిల్లల తల్లిదండ్రులు ముభావంగా ఉంటారని కూడా అందులో ఒక మాట రాశారు. ఆ మాటే పెరిగి, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందనే సిద్ధాంతంగా 1950, 60ల్లో నడిచింది. ఫ్రిజ్‌లాంటి చల్లని తల్లులు అని పేరు పెట్టారు. కొడుక్కి ఆటిజం ఉన్న బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు 1964లో అది తప్పని, కారణం మెదడు ఎదుగుదలలో ఉందని గట్టిగా వాదించారు. 1977లో ఇంగ్లండులో కవల పిల్లల మీద చేసిన పరిశోధన, ఇది పుట్టుకతో, వంశంతో ముడిపడిన సంగతని చూపించింది. అక్కడ ఆ నింద పోయి ఎన్నో ఏళ్లైంది. మన కోనసీమలో అది వేరే చీర కట్టుకుని తిరుగుతోంది. "వాళ్లమ్మ కువైట్‌లో ఉందండి, అమ్మమ్మ దగ్గర పెరిగాడు, అందుకే ఇలా అయ్యాడు." ఈ మాట స్టాఫ్ రూముల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇల్లు నిలబెట్టడానికి సముద్రం దాటి, అక్కడ ఎవరి పిల్లలకో అన్నం పెడుతున్న తల్లి ఆమె. ఆమె ఇక్కడే ఉన్నా ఆ బాబుకి ఆటిజం ఉండేది. ఊళ్లోనే ఉన్న తల్లికైతే "సెల్లు చూపించి పాడు చేసింది" అంటారు. ఫోను ఎక్కువైతే మాటలు ఆలస్యం కావచ్చు, తగ్గించడం మంచిదే, కానీ ఆటిజం దానివల్ల వచ్చేది కాదు. టీకా వల్ల కూడా కాదు, 1998లో అలా రాసిన వ్యాసాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. మీవల్ల కాదమ్మా. హెచ్‌ఎం గారి ముందు కూర్చున్నప్పుడు ఆ తప్పు మోస్తూ మాట్లాడొద్దు.

సరే, ఎలా చెప్పాలి. నేను నమ్మేది ఒక్క పేజీ కాగితం. రిపోర్టు జిరాక్సు ఇవ్వకండి, అందులో లోపాల జాబితా తప్ప మీ అబ్బాయి ఉండడు. తెల్ల కాగితం మీద మీ చేతిరాతతో, తెలుగులో రాయండి. వాడి పేరు పైన ఉండాలి. తర్వాత ఇష్టమైనవి, చేయగలిగినవి. ఆ తర్వాత కష్టమైనవి, అప్పుడు ఏం చేస్తే తేలిక పడతాడో. ఆటిజం అన్న మాట ఎక్కడో మధ్యలో ఒకసారి వస్తే చాలు. ఇలా ఉండొచ్చు:

"మా బాబుకి పంటు, పడవలు అంటే చాలా ఇష్టం, బొమ్మలు బాగా వేస్తాడు. ఒకసారికి ఒక పని చెబితే చేస్తాడు, మూడు కలిపి చెబితే తికమక పడతాడు. వాడికి ఆటిజం ఉందని డాక్టర్లు చెప్పారు. అందువల్ల గంట చప్పుడు, పిల్లల అరుపులు వాడికి మనకంటే చాలా గట్టిగా వినిపిస్తాయి. గంట కొట్టే ముందు చెబితే చెవులు మూసుకుని తట్టుకుంటాడు. మొహంలోకి చూడకపోయినా వింటూనే ఉంటాడు. చేతులు ఆడిస్తే ఆపొద్దండి, అలా చేసి కుదుటపడతాడు. అడిగాక కాసేపు ఆగండి, చెప్తాడు."

"మొండి" అన్న మాటకి మాత్రం విడిగా జవాబు చెప్పాలి, ఎందుకంటే టీచర్లు ఎక్కువగా పొరపడేది అక్కడే. చాక్లెట్ కోసం నేల మీద పొర్లే పిల్లాడు, మనం చూస్తున్నామా లేదా అని ఓరకంట గమనిస్తాడు. చాక్లెట్ ఇస్తే ఆగుతాడు. మీ బాబు మధ్యాహ్న భోజనం వరసలో పళ్లేల చప్పుడికీ, సాంబారు వాసనకీ, తోపులాటకీ తట్టుకోలేక పడిపోయి అరిస్తే, ఏం ఇచ్చినా ఆగడు. వాడికి కావలసింది ఏమీ లేదు, ఎక్కువైపోయింది తగ్గాలి. వరండా చివరికో, చెట్టు కిందికో తీసుకెళ్లి, మాట్లాడకుండా పక్కన కూర్చుంటే పావుగంటలో సర్దుకుంటాడు. వరస మొదట్లోనో చివర్లోనో నిలబెడితే అసలు ఆ గొడవే రాకపోవచ్చు. ఈ ఒక్క తేడా అర్థమైన టీచరు మళ్లీ "మొండి" అనడం నేను వినలేదు.

ఇంకో సంగతి, చెప్పకుండా దాచిన ఇళ్లలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. మనది నీళ్ల దేశం. బడి గేటు దాటితే పంట కాలువ, దాని పక్కన బోదె, కొబ్బరితోట దాటితే చేపల చెరువో రొయ్యల చెరువో. ఆటిజం ఉన్న పిల్లల్లో చెప్పకుండా నడిచి వెళ్లిపోవడం చాలా ఎక్కువ. 2012లో అమెరికాలో వచ్చిన పరిశీలనలో, నాలుగేళ్లు దాటాక దాదాపు సగం మంది కనీసం ఒక్కసారి అలా వెళ్లిపోవడానికి ప్రయత్నించారు. అలా వెళ్లిన పిల్లల్లో చాలామంది నీళ్లు కనబడితే అటే పోతారు, ప్రాణాలు పోయేది ఎక్కువగా అక్కడే. మీ బాబుకి పంటు అంటే ప్రాణమన్నారు. చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది కాలువే. పిల్లాడికి ఈ అలవాటుందని బడికి తెలియకపోతే, ఇంటర్వెల్లో కనబడకపోతే "బాత్రూంకి వెళ్లుంటాడులే" అనుకుంటారు. తెలిస్తే గేటు గడియ వేస్తారు, వెతకాల్సి వస్తే ముందు నీళ్ల వైపు పరుగెత్తుతారు. కాగితంలో ఇది ఎర్ర ఇంకుతో రాయండి. బడికీ కాలువకీ మధ్య ఉన్న దుకాణం వాళ్లకీ, రేవు దగ్గర ఉండేవాళ్లకీ వాడిని చూపించి ఉంచండి. ఈత కూడా నేర్పించండి. ఈత వచ్చినా కాపలా తప్పదు, కానీ నేర్పించండి.

పిల్లలు "మెంటల్" అనడం గురించి. ఆ మాట ఏ పిల్లాడూ సొంతంగా కనిపెట్టడు, పెద్దల నోట విన్నదే. వాళ్లని తిట్టి మాన్పిస్తే టీచరు లేనప్పుడు అంటారు. మీ బాబు లేని సమయంలో టీచరు ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు: "మీలో కొందరికి చీకటంటే భయం, కొందరికి కుక్కంటే భయం. వాడికి గట్టి చప్పుడంటే కష్టం. చెవులు మూసుకున్నాడంటే నొప్పిగా ఉందని అర్థం. అప్పుడు మనం మెల్లగా మాట్లాడదాం." రెండో తరగతి పిల్లలకి ఆటిజం అన్న పదం కూడా అక్కర్లేదు. పక్కన కూర్చోవడానికి ఒక నెమ్మదైన పిల్లాడినో పిల్లనో చూడమనండి. కాపలా ఉద్యోగం మాత్రం ఆ పిల్ల మీద పెట్టొద్దు. బొమ్మలు వేసేవాడు కాబట్టి గోడకి అంటించే చార్టు పని వాడికి ఇప్పించండి. క్లాసులో "పడవ బొమ్మ వేసినోడు" అనే పేరొకటి ముందుగా నిలబడితే మిగతా పేర్లు కాస్త సన్నగిల్లుతాయి.

చట్టం గురించి క్లుప్తంగా. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 ఉన్నాయి, ఆటిజం అందులో ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మాటలతో వేధించకూడదు, ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదు. "టీసీ తీసుకెళ్లండి" అని ఎవరైనా అంటే ఆ మాట రాసిమ్మని మర్యాదగా అడగండి. సదరం సర్టిఫికెట్‌కి (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం అదే) స్లాట్ బుక్ చేసుకోండి, మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఎక్కడుందో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో చెప్తారు. ఒక్క హెచ్చరిక: సర్టిఫికెట్ మీద అంకె చూసి కుంగిపోకండి. 60 శాతం అని వస్తే బుర్ర 60 శాతం లేదని ఏడ్చిన నాన్నని చూశాను. అది ఇంటెలిజెన్స్‌ని కొలిచిన అంకె కాదు. ఆటిజం లక్షణాలు ఎంత మేరకు ఉన్నాయో లెక్కకట్టిన అంకె అది, 40 అంశాలున్న ఒక స్కేలు మీద చూసి ఇస్తారు.

చెల్లెలి పెళ్లి సంగతి మామగారికి ఇలా చెప్పి చూడండి. పాపకి పెళ్లీడు రావడానికి ఇంకా ఎన్నో ఏళ్లుంది. అప్పటికి వీడు తన పనులు తాను చేసుకుంటూ, నాలుగు మాటలు మాట్లాడుతూ, ఊళ్లో అందరికీ తెలిసిన కుర్రాడిగా ఉండాలంటే చదువు ఇప్పుడు జరగాలి. గదిలో దాచిన అన్నయ్య గురించి ఊరు ఊహించుకునేదే ఎక్కువ భయంకరంగా ఉంటుంది. ఆయన్ని కూడా ఒక రోజు బడికి తీసుకెళ్లండి. తాతయ్య పక్కన కూర్చుని "మావాడండి" అని ఒక్క మాటంటే హెచ్‌ఎం గారి దగ్గర దానికి చాలా విలువ ఉంటుంది.

హెచ్‌ఎం గారిని బడి వదిలాక కలవండి, పొద్దున్న ప్రేయర్ వేళ ఎవరికీ వినే ఓపిక ఉండదు. క్లాస్ టీచరు కూడా ఉండేలా చూసుకోండి.

కాగితం రాయడం అయ్యాక, బడికి ఇచ్చే ముందు, ఒకసారి మీ బాబుకి చదివి వినిపించండి. వాడు వినడం లేదనిపించినా చదవండి. నాలుగేళ్ల కింద ముమ్మిడివరం వైపు ఒక నాలుగో తరగతి బాబు కాగితం వాళ్లమ్మతో కలిసి రాసి వాడి ముందే చదివాను. వాడు కిటికీ చువ్వలు లెక్కపెట్టుకుంటున్నాడు. "గుడ్డు తినడు, బలవంతం చేయొద్దు" అన్న చోటికి వచ్చేసరికి లేచి వచ్చి, నా చేతిలో పెన్ను లాక్కుని, గుడ్డు అన్న మాట కొట్టేశాడు. దాని పైన చిన్న అక్షరాలతో "పచ్చసొన" అని రాసి, మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు.